చెమట పట్టని తీతు మామ

మా ఆవిడ మేనమామ తీతు ఖరగ్‌పూర్ యార్డులో ఇంజన్లకు నీళ్ళు పట్టేవాడు. మొదట లోకోషెడ్డులో ఫైర్‌మన్ పని ఇచ్చారు. మూడో రోజే బాయిలరు ముందు పడిపోయాడు. అందర్నీ బతిమాలుకుని ఈ పనికి మారాడు. ఇంజను ట్యాంకు నింపాక గొట్టంలో మిగిలిన నీళ్ళు నెత్తిన పోసుకునేవాడు. వేసవంతా తడి చొక్కాతోనే తిరిగేవాడు.

"ఏటి తీతూ, స్నానం ఇంజనుకా, నీకా?" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవారు.

"నీళ్ళు లేకపోతే ఇద్దరం కదలం దాదా" అనేవాడు. నవ్వితే నోట్లో నాలుగే పళ్ళు, మేకుల్లా మొనదేలి. కనుబొమలు లేవు. నెత్తిన నాలుగు పల్చటి వెంట్రుకలు. చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి అలా అయ్యాడని ఇంట్లో చెప్పుకునేవారు. రైల్వే బడిలో సైన్సు పాఠాలు చెప్పే నేనూ ఆ మాటే నమ్మాను.

1964 మే నెల. మా అబ్బాయి విల్‌ఫ్రెడ్‌కి పద్నాలుగు నెలలు. పది రోజులుగా మధ్యాహ్నం జ్వరం కాసేది, సాయంత్రానికి తగ్గేది. ఒక డాక్టరు మలేరియా అన్నాడు, ఇంకొకరు టైఫాయిడ్ అన్నారు. రక్తపరీక్షలో ఏమీ కనబడలేదు. వాడికి పన్నొక్కటీ రాలేదు. ఆలస్యంగా వస్తాయిలే అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్లో ధర్మామీటరు నూట అయిదు చూపించింది. మా అత్తగారు జ్ఞానరత్నం తలుపులు మూసి, పిల్లాణ్ణి ఉన్ని దుప్పట్లో చుట్టింది.

"సెమట పడితే దిగిపోద్ది బాబూ. గాలి తగలనీకు."

మా ఇళ్ళలో జ్వరానికి అదే వైద్యం. ఒక అంచు నేను, ఒక అంచు నా భార్య సూసన్న అదిమి పట్టుకున్నాం. అరగంటైనా చెమట చుక్క లేదు. వాడి కళ్ళు తేలిపోతున్నాయి. అత్తగారు రెండో దుప్పటి తెమ్మంది. తెచ్చాను.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు తీతు మామ. దుప్పట్లు లాగి అవతల పారేశాడు.

"ఒరే, ఏటి సేస్తన్నావు! పిల్లోడు సచ్చిపోతాడు!" అని అరిచింది అత్తగారు.

"ఇలాగే సంపినాం కదప్పా తమ్ముణ్ణి. మన పౌలుగాడికి మూడు దుప్పట్లు కప్పినారు. నాకూ కప్పితే తన్నుకుని పారిపోనాను గాబట్టి ఉన్నాను."

ఆమె గోడకు జారగిలబడింది. మామ తన తడి చొక్కా విప్పి పిల్లాడికి చుట్టాడు. "అల్లుడూ, ఇసురు. ఆపకు."

విసురుతూ మామనీ పిల్లాణ్ణీ మార్చి మార్చి చూశాను. అదే ఉబ్బెత్తు నుదురు. అవే కనబడని కనుబొమలు. కళ్ళ కింద అవే నల్లటి ముడతలు. ఆ గదిలో మా అందరికీ చెమట కారిపోతోంది. మామ మొహం మాత్రం కాగితంలా పొడిగా ఉంది. కొన్ని పుట్టు లోపాల్ని తల్లులు మోస్తారు, అవి కొడుకుల్లో బయటపడతాయని నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో! ఎప్పుడూ వర్ణాంధత్వానికే గీశాను. సూసన్నకి పైన రెండు పళ్ళు అసలు మొలవనే లేదని పెళ్ళయిన కొత్తలో నవ్వుకున్నాం కూడా.

"మామయ్యా, నీకెప్పుడైనా చెమట పట్టిందా?"

"లేదు. ఎవుడడిగినాడు?"

నూట మూడు. నూట రెండున్నర. విల్‌ఫ్రెడ్ చొక్కా గుండీ నోట్లో పెట్టుకున్నాడు.

"దీనికి మందు లేదు అల్లుడూ. వానలు పడేదాకా తడి ఆరనీకూడదు, అంతే."

టైము ఒంటిగంటన్నర. ఎండ తగ్గడానికి ఇంకా మూడు గంటలుంది. సూసన్న రెండో గుడ్డ తడిపి తెచ్చింది.