మూడు వారాల టబ్బు

మా ఇంటి వరండాలో నీలం ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఉంది. కొత్తగా కొన్న చేప ఏదైనా మూడు వారాలు అందులో విడిగా గడిపాకే లోపలి గాజుతొట్టిలోకి వెళుతుంది. ఈ పద్ధతి నాకు ఒకాయన చెప్పాడు. నేను వినలేదు. వినకపోగా చెప్పలేదని అబద్ధం ఆడాను.

ధర్మవరంలో మాది పట్టుకు రంగులద్దే పని. నాయన దగ్గర నేర్చుకున్నాను. షెడ్డులో తక్కెడ ఉన్నా వాడేది తక్కువ. మరిగే నీళ్లలో రంగు పొడి చిటికెడు చిటికెడుగా వేసి, ఒక చుక్కను బొటనవేలి గోరు మీద వేసుకుని చూస్తాం. చీర అంచుకు ఆ రంగు చాలునో చాలదో గోరే చెబుతుంది. నా కన్ను తప్పదని నలుగురిలో పేరుంది. ఆ పేరు నేను కూడా మరీ ఎక్కువగా నమ్మాను.

నా భార్య పెనుకొండలో టీచరు. రోజూ రైల్లో వెళ్లివస్తుంది. గాజుతొట్టి ఆమెది. అందులో అరచేయంత గోల్డ్‌ఫిష్ ఒకటి ఉంది, మా పెళ్లయిన కొత్తలో కొనుక్కున్నది. ఆమె బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అది అద్దం దగ్గరకు వచ్చి నోరు తెరుస్తుంది. ముసలిదైపోతోంది, తోడుంటే బాగుంటుందని ఆమె అంటే, నిరుడు ఎండలు ముదురుతున్న రోజుల్లో హిందూపురం వెళ్లినప్పుడు నాలుగు చిన్న చేపలు కొన్నాను.

చేపల అంగడి పెట్టుకున్న భాయ్ చేపలున్న ప్లాస్టిక్ సంచీకి రబ్బరు బిగిస్తూనే చెప్పాడు.

"తొట్లోకి నేరుగా వేయాకప్పా. మూడు వారాలు వేరే టబ్బులో పెట్టు. ఇవి నిన్ననే బెంగళూరు నుంచి వచ్చినాయి. లోపల ఏ రోగముండాదో పైకి కనపడదు. దినమూ పొద్దున్నే నిలబడి చూడు. మేత తింటాండాయా, రెక్కలు ముడుచుకుంటాండాయా, ఒళ్లు రాళ్లకు రుద్దుకుంటాండాయా చూడు."

"అట్లనే భాయ్" అన్నాను. చేపకు కూడా కాపలా కాయాలా అని మనసులో నవ్వుకున్నాను.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు నా భార్య ఎక్కింది. సంచీని వెలుతురుకు ఎత్తి చూసి మురిసిపోయింది.

"బావా, వీటిని కొన్ని దినాలు వేరేగా పెట్టాల్నేమో అడిగినావా?"

"అడిగినా. ఏం పర్లేదన్నాడు."

ఒక టబ్బు కడిగి నీళ్లు పట్టడానికి బద్ధకం. అంతకు మించిన కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఐదో రోజు పొద్దున చేపల ఒంటి మీద ఉప్పు రాలినట్టు తెల్లచుక్కలు కనిపించాయి. కొత్తవాటిలో మూడింటికి ఉన్నాయి. ముసలిదాని తోక మీదా ఉన్నాయి. అది రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది. భాయ్‌కి ఫోన్ చేస్తే నేరుగా వేశానని చెప్పాలి. అందుకని చేయలేదు. ఆయన అంగట్లో పచ్చమందు సీసా చూశాను. దాని మీదున్న పేరే మా షెడ్డులో ఒక పాత రంగు డబ్బా మీదా ఉంది. మందు కూడా రంగే కదా, రంగు సంగతి నాకు తెలియనిదా అనుకున్నాను. ఆమె బడికి వెళ్లాక తొట్టిలో చిటికెడు పొడి కలిపాను. చుక్క గోరు మీద వేసుకుని చూశాను. అంగట్లో మందు వేసిన తొట్టికి ఉన్న పచ్చ ఇంకా రాలేదనిపించి మరో చిటికెడు వేశాను.

మధ్యాహ్నానికి రెండు చిన్నవి పక్కకు ఒరిగి తేలాయి. ముసలిది పైకి వచ్చి గాలి మింగుతోంది. ఒంటిపూట బడులు కావడంతో నా భార్య త్వరగా వచ్చేసింది. తొట్టిలో నీళ్లు చూసింది. తర్వాత నా గోరు చూసింది. భాయ్‌కి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

"భాయ్, నేరుగా తొట్లో వేసినా పర్లేదని మా ఆయనకు చెప్పినారంట. ఇప్పుడు రెండు చచ్చిపోయినాయి."

నేను నేల చూపులు చూస్తున్నాను. "అప్ప పక్కనే ఉండాడా?" అని భాయ్ అడిగితే ఆమె ఊ అంది.

"నేనే సరిగా చెప్పలేదేమో తల్లీ. తప్పు నాదే. ముందు మిగిలినవి బతకాల. ఏం మందు వేసినారు?"

నా పచ్చ గోరు చూస్తూ, షెడ్డులోని రంగు పొడి వేసినట్టుందని ఆమె చెప్పింది.

"అద్దకం రంగా! అబ్బబ్బా, అది పట్టుకు వేసేదమ్మా. దాంట్లో ఇంకేమేం కలిసుంటాయో ఎవరికి తెలుసు? ముందు నీళ్లు మార్చండి."

ఆయన చెబుతుంటే మేమిద్దరం చేశాం. ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు ఉన్నవన్నీ తెచ్చి, పాత నీళ్లు చాలావరకు తీసేసి, మెల్లగా పోశాం. గాలి మోటారు పెంచాం. ఫిల్టరులో రంగును పీల్చే బొగ్గు పెట్టాం. మర్నాడు రైల్లో వచ్చే తెలిసినవాళ్ల చేత అసలు మందు పంపించి, ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు.

"గోరుతో కాదప్పా, సిరంజితో కొలిచి వెయ్యి. బొగ్గు తీసేసి వెయ్యి, లేకుంటే మందును కూడా అదే పీల్చేస్తాది. చుక్కలు రాలినంత మాత్రాన రోగం పోయిందనుకోవాకు. పురుగు చేప ఒంట్లో ఉన్నప్పుడు మందు తగల్దు. అది రాలి, నీళ్లల్లో పిల్లలు పెడితే, అవి ఈదేటప్పుడు చస్తాయి. అందుకే దినం మార్చి దినం వెయ్యాల."

తొట్టి పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి ఎన్ని లీటర్లో ఆమె లెక్కగట్టింది. నా కన్ను అనుకున్నదానికి, ఆ లెక్కకు పొంతనే లేదు. రెండో వారానికి ముసలిది మళ్లీ మేత కోసం అద్దం దగ్గరకు వచ్చింది. చిన్నవి రెండు కూడా దక్కాయి.

కానీ భాయ్ మీద వేసిన నా అబద్ధం అట్లాగే ఉంది. ఒకరోజు అన్నం తింటూ నా భార్య చెప్పింది. బడిలో పిల్లలకోసం పెద్ద గాజుతొట్టి పెట్టించాలని పెద్దసారు భాయ్‌ని అడిగి ఉంచాడట. "ఆయప్ప మాట నమ్మొద్దు సార్ అని చెప్పేసినా. వేరే యాడన్నా తెచ్చుకుంటామన్నారు." నా అబద్ధంతో ఆయన బేరం పోయింది. అయినా ఆ రోజు నోరు విప్పలేదు. మూడు రోజులు అట్లాగే తిరిగాను. ఆ మూడు రోజులే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

ఆదివారం నీళ్లు మారుస్తూ, పైపు చేతిలో ఉండగా చెప్పాను. "భాయ్ చెప్పినాడు. మూడు వారాలు వేరేగా పెట్టమనే చెప్పినాడు. నేనే అబద్ధమాడినా."

ఆమె నా చేతిలోంచి పైపు తీసుకుని బకెట్లో పెట్టింది.

"రైల్లోనే అనుమానమొచ్చింది బావా. కిటికీ పక్క చూస్తా చెప్పినావు. ఆయప్ప తప్పు నాదే అనేసరికి నిన్ను నమ్మినా." తర్వాత అంది, "రేపు పెద్దసారుకు నువ్వే వచ్చి చెప్పు. నేను చెప్పను."

సోమవారం ఆమెతో పాటు పెనుకొండలో దిగి, టీచర్లందరి ముందూ జరిగింది చెప్పాను. పెద్దసారు నా బొటనవేలు చూపించమని అడిగి మరీ నవ్వాడు. తొట్టి భాయ్ దగ్గరే తీసుకుంటామన్నాడు. తర్వాతి రైలుకు హిందూపురం వెళ్లాను.

"ఎందుకు భాయ్ నీ నెత్తిన వేసుకున్యావు?"

"నువ్వు పక్కనే ఉండి ఉలుకూ పలుకూ లేకుండా ఉండావు కదప్పా. చేపలకంటే ముందు నువ్వే తేలేటట్టుండావు అనుకున్యా. ఆ పొద్దు మీరిద్దరూ కొట్లాటకు దిగితే చేపను చూసేదెవరు?" నవ్వి, ఇద్దరికీ చాయ్ చెప్పాడు. వచ్చేటప్పుడు బల్ల కింద నుంచి ఈ నీలం టబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. "దీంట్లో బట్టలు నానబెడితే మాత్రం ఊరుకోనబ్బా."

ఇప్పుడు అందులో రెండు కొత్త చేపలున్నాయి, తొమ్మిదో రోజు. షెడ్డుకు వెళ్లేముందు అక్కడ నిలబడతాను. మేత, రెక్కలు, ఒళ్లు వరసగా చూస్తాను. లోపల ముసలిదానికి మేత వేస్తూ నా భార్య కేకేస్తుంది.

"ఏమంటాండాయి బావా?"

"ఒకటి నిన్నటి నుంచి సరిగా తినలేదు" అన్నాను ఈ పొద్దున. ఆమె చేయి తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన వంగి చూసింది.