మా మరిది తిథి

మా మరిది పోయాడని నందిగామ నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడని అడిగాను. పక్కింటాయన, "తెలీదండి. వాసనొస్తుంటే తలుపు పగలగొట్టాం" అన్నాడు.

పోయినవాళ్ళు ఎప్పుడు పోయారో చెప్పడమే మా మరిది ఉద్యోగం. శవపరీక్షల డాక్టరు. పెళ్ళి చేసుకోలేదు. శవాలు కోసే చేత్తో తాళి కట్టించుకునేదెవరని నేనే ఆటపట్టించేదాన్ని. ఆదివారాలు జగ్గయ్యపేట వచ్చి మా ఇంట్లో భోంచేసేవాడు. నేను పప్పు వడ్డిస్తుంటే, శవం మీద ఈగలు ముందు ఎక్కడ గుడ్లు పెడతాయో చెప్పేవాడు.

"నెయ్యి వెయ్యమంటావా, నీ పురుగుల కథ అయ్యేదాకా ఆగమంటావా?"

"వెయ్యి వదినా. వాటి భోజనం వాటిది, నా భోజనం నాది."

ఆలస్యంగా దొరికిన శవమైతే, ఇంటివాళ్ళు ఒకటే అడిగేవారట, తద్దినం ఏ తిథికి పెట్టుకోవాలని. ఫలానా రోజుకీ ఫలానా రోజుకీ మధ్య అనేవాడు, అంతే.

"ఒక రోజు చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నానొకసారి.

"శరీరం పంచాంగం చూసుకుని పాడవదు వదినా."

చల్లబడుతుంది, బిగుసుకుంటుంది, మళ్ళీ వదులవుతుంది, పొట్ట కింద కుడిపక్క ఆకుపచ్చ తిరుగుతుంది. వేడి వీటన్నిటినీ తొందరపెడుతుందనీ, చలి ఆపుతుందనీ చెప్పాడు. నేను నమ్మనట్టు మొహం పెడితే, పచ్చి సపోటాలు రెండు తీసి ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి కిటికీలో పెట్టాడు. మరుసటి ఆదివారానికి ఒకటి రసం కారుతోంది, ఒకటి రాయిలా ఉంది.

"ఇవి ఒకే రోజు కోసినవంటే ఎవరైనా నమ్ముతారా?"

మార్చురీ ఉక్కలో బతికినవాడు, రిటైరయ్యాక చేసుకున్న ఒక్క విలాసం ఏసీ. మేం వెళ్ళేసరికి అది నడుస్తూనే ఉంది. మధ్యలో కరెంటు ఎన్నిసార్లు పోయిందో, ఎంతసేపు పోయిందో చెప్పేవాళ్ళు లేరు.

పరీక్ష చేసిన డాక్టరమ్మ అతని శిష్యురాలే. "మంగళవారానికీ గురువారానికీ మధ్యమ్మా. అంతకన్నా చెప్పలేను" అంది. నాకు తెలిసిన మాటే. అయినా ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఒక్క రోజు చెప్పు తల్లీ" అన్నాను. ఆమె చెయ్యి విడిపించుకోలేదు, ఏ రోజన్నదీ చెప్పలేదు.

తిథి తెలియనివాళ్ళకి అమావాస్య ఉందన్నారు పురోహితుడు. కర్మ చేస్తున్న మా అబ్బాయి సరేనన్నాడు. నేనింకా అనలేదు.

అతని మంచం పక్కన గిన్నెలో ఒక సపోటా ఉంది, చివరి ఆదివారం నేనిచ్చి పంపిందే, ఆ ఏసీ చలికి ఇంకా రాయిలాగే ఉంది. తెచ్చి మా వంటింటి కిటికీలో పెట్టాను. రోజూ పొద్దున్నే నొక్కి చూస్తున్నాను. ఇవాళ ఒక పక్క మెత్తబడింది.