కరుణమ్మ మందు వాటా

రెంటచింతల పక్కన మా ఊళ్ళో కరుణమ్మకి యాభై ఏళ్ళొచ్చినా ఒక్కసారి జలుబు చేసిన పాపాన పోలేదు. కోడి కూడా గంప దాటని ఎండలో ఆమె చేలో జొన్న మోళ్ళు ఏరుతూ కీర్తనలు పాడేది. జబ్బంటే బద్ధకానికి పెట్టుకున్న ముద్దుపేరని ఆమె నమ్మకం. అలాంటి మనిషికి దేవుడు దేవదాసుని మొగుడుగా ఇచ్చాడు. ఆయనకి పొద్దున కడుపునొప్పి, మధ్యాహ్నం నడుంనొప్పి, మిరపచేలో పని పడితే తలతిప్పుడు.

స్వతంత్రం వచ్చిన మరుసటేడు మా ఊరికి ధర్మాసుపత్రి వచ్చింది. పెంకుటింటి వసారాలో రెండు బీరువాలు, ఒక బల్ల, కాంపౌండరు రాజారత్నం. అంతే ఆసుపత్రి. మందు మాత్రం ఊరికే.

దాంతో ఊరు రెండుగా చీలింది. శొంఠి, పిప్పళ్ళు అమ్ముకునే బాలకోటయ్య కొట్టు ముందు రోజూ వాదనే.

"ఊరికే ఇచ్చేదాంట్లో సత్తా ఏముంటది? రంగునీళ్ళు!" అనేవాడు బాలకోటయ్య.

"అది కాదన్నా," అనేది కరుణమ్మ. "రోగమొచ్చినోడు మందు కొనుక్కోవాల. ఒళ్ళు బాగున్నోళ్ళు పన్నులు కడితే, ఈయన కూర్చుని తాగటమేంది?"

దేవదాసు నొచ్చుకున్నాడు. "ఏమే, రేపు నీకొస్తే?"

"నాకు రాదు."

"వస్తే అని అడగతన్నా."

"రాదంటన్నాగా!"

కొన్నాళ్ళకి, ఆసుపత్రిని ఇక్కడే ఉంచాలా, వేరే ఊరికి మార్చాలా అని ఊరివాళ్ళని అడగటానికి గుంటూరు నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. వద్దనేవాళ్ళ తరపున కరుణమ్మే మాట్లాడాలని బాలకోటయ్య పట్టుబట్టాడు. ఆమె గొంతు లేస్తే పక్క ఊళ్ళో ఎద్దులు కూడా ఆగుతాయి మరి.

డాక్టరొచ్చే రోజు పొద్దున్నే కరుణమ్మకి ఒక ఆలోచన వచ్చింది. ఎటూ ఎత్తేస్తారు, ఎత్తేసేలోపు తన వాటా తను తీసుకోవద్దూ? చెంబు పట్టుకుని ఆసుపత్రికి పోయింది.

"ఏం జబ్బు పిన్నీ?" అన్నాడు రాజారత్నం.

"జబ్బేంది? నా వాటా మందియ్యి."

"జబ్బు లేనోళ్ళకి మందియ్యకూడదు పిన్నీ."

"పన్ను కట్టించుకునేటప్పుడు జబ్బుందా అని అడిగారా? మా ఆయనకి చానా ఉన్నయి, అందులో ఒకటి నా పేరు మీద వేసుకో."

రాజారత్నం ఎంత చెప్పినా ఆమె కదల్లేదు. వెనక పది మంది రోగులు మూలుగుతున్నారు. ఆమెని పంపించే దారి లేక, ఎవరికీ హాని చెయ్యనిదని ఒక ఔన్సు ఆముదం పోశాడు. ఆమె వాసన చూసింది.

"ఒరేయ్, ఇది మా చేలో పండేదేగా! మా పంట మాకే తాపుతారా?" అని తిట్టి, గటగటా తాగేసింది. అంతటితో ఆగిందా? అతను అటు తిరగ్గానే సీసా అందుకుని మరో రెండు గుక్కలు వేసింది, తన ఎడ్ల వాటా కింద.

ఆ మధ్యాహ్నమే బళ్ళో సభ. పెద్ద డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. కరుణమ్మ కొంగు దోపుకుని లేచింది.

"అయ్యా, ఈ సర్కారు మందు..." అని ఆగింది. మొహం మారిపోయింది. ఒక్క పరుగున బడి వెనక జొన్నచేలో పడింది.

కాసేపటికి వచ్చి, "నేను చెప్పేదేందంటే, ఊరికే ఇచ్చే మందులో సత్తా..." మళ్ళీ పరుగు.

మూడోసారి గుమ్మం దాకా వచ్చి, "అది పనిచెయ్య..." అని, చెయ్యి ఊపి, అట్నుంచి అటే పోయింది.

రాజారత్నం పొద్దున జరిగింది చెప్పాడు. సభ పడీపడీ నవ్వింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "పనిచేస్తున్నట్టేనా బాలకోటయ్యగారూ?" అన్నాడు. ఆసుపత్రి ఊళ్ళోనే ఉండిపోయింది.

కరుణమ్మ మూడు రోజులు మంచం దిగలేదు. జీవితంలో మొదటిసారి కాళ్ళు ఆమె మాట వినలేదు. దేవదాసు మజ్జిగలో ఉప్పేసి తాపాడు, అరికాళ్ళు రుద్దాడు, నీరసంలో ఏ పక్కకి పడుకుంటే హాయిగా ఉంటుందో నేర్పాడు. ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు.

"రోజూ ఇట్టానే ఉంటదా నీకు?" అంది ఆమె, నీళ్ళు నిండిన కళ్ళతో.

"రోజూ కాదులే," అన్నాడాయన నిజాయితీగా.

లేచి తిరిగాక ఆమె వాదన ఆపలేదు, పక్క మారింది అంతే. గాజులమ్మే మైమూనా కూతురికి చలిజ్వరం వస్తే, ఆసుపత్రికి పోవటానికి ఆ తల్లి జంకింది. "నేనేం పన్ను కట్టలేదే అక్కా, నాకిస్తారా?"

"నేను కట్టాగా! పద," అని కరుణమ్మ పిల్లని చంకనేసుకుని వరస మొదట్లో నిలబడింది. రాజారత్నం క్వినైను కలిపిచ్చాడు. కరుణమ్మ పిల్ల ముక్కు మూసి నోట్లో మందు పోసింది. ఆ చేదుకి పిల్ల ఆమె బొటనవేలు కసుక్కున కొరికింది.

రాజారత్నం నవ్వాపుకుంటూ ఆ వేలికి భగ్గున మండే టింక్చరు రాశాడు. కరుణమ్మ వేసిన కేక బాలకోటయ్య కొట్టు దాకా వినపడింది.