నాయన బొటనవేలు... నా నూటఇరవై సెంటీమీటర్లు

మా చిన్నప్పుడు... డిసెంబర్ నెలలో ఒక పొద్దున, డోన్‌లో మా బట్టలంగడి స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాను. నాయన నన్ను కొలుస్తున్నాడు.

నాకప్పుడు ఏడేళ్ళు. మాది మిషన్ స్కూలు. ఊళ్ళో మిగతా బడులకు క్రిస్మస్‌కు ఒక్కరోజే సెలవు, మాకు మాత్రం పది రోజులు... ఆ గొప్ప నాకు అంతా ఇంతా కాదు. ఆ ఏడు నాయన రెండు రోజులు అంగడి మూసి మమ్మల్ని హైదరాబాదు దగ్గర పెద్ద పార్కుకు తీసుకుపోతానన్నాడు. అక్కడ గాల్లో తలకిందులుగా తిరిగే రైలుబండి ఉందట. నూటఇరవై సెంటీమీటర్ల ఎత్తు లేకపోతే దాన్ని ఎక్కనివ్వరట. ముందు ఏడాది పోయొచ్చిన మేనత్త కొడుకు ఈ సంగతి చెప్పి నా నిద్ర చెడగొట్టాడు.

అందుకే ఆ కొలత. నాయన బట్ట కొలిచే మీటరు కడ్డీనే నేలమీద నిలబెట్టాడు. కడ్డీ కొసకు బొటనవేలు అడ్డం పెట్టి, ఆ వేలి పైనుంచి మళ్ళీ కడ్డీ నిలబెట్టి, నా నెత్తిదాకా చూశాడు. రోజూ అంగట్లో చేసే పనే కదా... చెయ్యి చకచకా ఆడింది.

"నూటపంతొమ్మిది. ఒగ సెంటీమీటరు తక్కువుండాదమ్మీ."

మా అన్నకు పదకొండేళ్ళు. వాడికి ఏ కొలతా అక్కరలేదు. "నేను ఎక్కుతా. నువ్వు కింద నిలబడి నా చెప్పులు చూసుకుంటాండు" అన్నాడు. ఒళ్ళు మండింది నాకు.

ఇంక ఆ వారమంతా నాకు ఒకటే పని. కిటికీ కమ్మీలు పట్టుకుని వేలాడడం... అమ్మ ఉగ్గాని చేస్తే రెండోసారి అడిగి తినడం... మళ్ళీ నాయన ముందు నిలబడడం. మూడుసార్లు కొలిచాడు పాపం. మూడుసార్లూ నూటపంతొమ్మిదే. "నా కొలత తప్పదమ్మీ" అనేవాడు. అది నిజమేనని నాకూ తెలుసు. డోన్‌లో నాయన కొలతకు వంక పెట్టిన మనిషి లేడు.

రైల్లో కాచిగూడకు పోయి, అక్కడినుంచి బస్సెక్కాం. పార్కు ముందు దిగితే ఇసకేస్తే రాలనంత జనం. ఊరూరి పిల్లలకూ ఆరోజే సెలవు వచ్చినట్టుంది. బయటి తిండి లోపలికి తేకూడదన్నారు గేటు దగ్గర. "పారేసేకి చేసినానా నేను?" అని అమ్మ అక్కడే చెట్టు కింద దుప్పటి పరిచేసింది. ఉగ్గాని, బజ్జీలు అన్నీ తినేదాకా లేవనివ్వలేదు.

ఆ రైలుబండి దగ్గర వరస మెలికలు తిరిగి ఉంది. గంటన్నర పడుతుందన్నారు. అమ్మ నన్ను చిన్నపిల్లల గుర్రాల దగ్గరికి పిలిచింది. నేను కదల్లేదు.

"శానాసేపు నిలబడినాక వద్దంటారమ్మీ. ఏడ్చకూడదు మల్ల" అన్నాడు నాయన.

"ఏడవను నాయనా. వాళ్ళనే చెప్పనీ."

నాయన అన్ననూ నన్నూ పట్టుకుని వరసలో నిలబడ్డాడు. కాళ్ళు పీకాయి, ఎండ నెత్తిన కొట్టింది, వెనకనుంచి ఒకటే తోపులాట... నా కళ్ళు మాత్రం దూరంగా కనబడుతున్న ఆ రంగుల కొలబద్ద మీదే ఉన్నాయి.

చివరికి మా వంతు వచ్చింది. అక్కడ పనిచేసే అబ్బాయి నన్ను కొలబద్ద పక్కన నిలబెట్టి, "పాప వెళ్ళొచ్చు సార్" అన్నాడు.

నాకు చెవులు గింగురుమన్నాయి. అడుగు వేయబోయాను... నాయన నా రెక్క పట్టుకుని ఆపేశాడు.

"సరిగ్గా చూడప్పా. ఈ పిల్ల నూటపంతొమ్మిదే."

ఆ అబ్బాయి నాయనను పైకీ కిందికీ చూశాడు. "మీ పాపే కదా సార్?"

"నా పాపే. పదైదేండ్లుగా బట్ట కొలుస్తాండా నేను. మూడుతూర్లు కొలిచినా. నీ కట్టెలోనే ఏదో తేడా ఉండాది."

తన బిడ్డ పొట్టిదని వాదించి గెలవాలని చూసిన తండ్రి ఈ లోకంలో మా నాయన ఒక్కడే. "ఊరకుండు నాయనా" అని చొక్కా గుంజుతున్నాను. వెనక జనం అరుస్తున్నారు. అన్న సిగ్గుతో మొహం అటు తిప్పుకున్నాడు. ఏడవనని మాటిచ్చాను కానీ కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి.

ఆ అబ్బాయి విసుక్కోకుండా మళ్ళీ కొలిచాడు. "నూటఇరవై ఒకటి సార్."

నాయన తన కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"కొసరమ్మీ... కొసరు లెక్క మరిచిపోయినా."

బట్ట కొలిచేటప్పుడు ప్రతి మీటరు కొసకూ బొటనవేలు పెట్టి, ఆ వేలు దాటినాకే రెండో మీటరు మొదలుపెట్టాలన్నది మా తాత నేర్పిన పద్ధతి. కుట్టేచోట ఎవరికీ గుడ్డ తక్కువ పడకూడదని. నన్ను కొలిచినప్పుడూ ఆ వేలు దానంతటదే పడింది... దాన్ని ఆయన లెక్కలో కలపలేదు. వారం రోజులు నేను కిటికీకి వేలాడింది నాయన బొటనవేలంత ఎత్తు కోసం.

ఎక్కాం. బండి తలకిందులైనప్పుడు అన్న కెవ్వుమని అరిచాడు. నేను అరవలేదు. నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, అంతే.

ఇప్పుడు మా అంగట్లో అన్నీ కుట్టిన బట్టలే. కొలిచే పని లేదని నాయన ఆ కడ్డీ నాకిచ్చేశాడు. మొన్న డిసెంబర్‌లో కర్నూలులో మా ఇంట్లో, పార్కుకు పోయే ముందు మా పాపను గోడకు నిలబెట్టి దానితోనే కొలిచాను. నాకు తెలియకుండానే నా బొటనవేలు కడ్డీ కొసకు పోయింది. "అమ్మా, వేలెందుకు పెట్టావు?" అంది పాప.

ఈ రోజుల్లో ఏ కొలతా వెంట్రుకవాసి అటూ ఇటూ పోదు... ఎదుటి మనిషికి తక్కువ పడుతుందేమోనని వేలు అడ్డం పెట్టేవాళ్ళే కనబడరు.

మీ చిన్నప్పుడు మీకలా కొసరు వేసి కొలిచినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. ముందు నేనే రాస్తున్నాను... మా నాయన, డోన్ బట్టలంగడి.