పేలని తూటా

యుద్ధంలో నేను చేసిన పని ఒక్కటే. ఎడారిలో శత్రువు పాతిన మందుపాతరలను వెతకడం. చెవులకు గొట్టాలు, చేతిలో తీగచుట్ట బిగించిన కర్ర. చెవిలో సన్నటి కూత ఒకటి ఆగకుండా వినిపిస్తుంటుంది. కింద లోహం ఉంటే అది మారుతుంది. ప్రాణాలతో తిరిగొచ్చానంటే ఆ పని నాకు బాగా వచ్చుననే కదా!

కడపలో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టాక, అలాంటి మిషనే చిన్నది చేయాలని పట్టుబట్టాను. మందుపాతర పళ్ళెమంత ఉంటుంది. మా బావుల్లో రాయి పగలగొట్టడానికి పెట్టి, పేలకుండా మిగిలిపోయే మందు తూటాలో వత్తి చివరి రాగి గొట్టం చిటికెనవేలంత కూడా ఉండదు. ఎన్ని వాల్వులు కాల్చానో! "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని మా ఆవిడ సాధించేది. సాధించనీ. చివరికి జానెడు లోతున్న గొట్టాన్ని నా మిషన్ పట్టేసింది.

ఆ ఎండాకాలం వేంపల్లె దగ్గర మా బావ బావి తవ్విస్తున్నాడు. రాతికి ఆరు తూటాలు పెడితే అయిదే పేలాయి. ఆరోది రాళ్ళ కింద ఎక్కడుందో తెలియదు. దాని మీద గడ్డపార పడితే మనిషి మిగలడు. కూలీలు బావిలోకి దిగేది లేదన్నారు. అక్క కబురు పంపితే, నేనొచ్చేదాకా బావను దిగనీయొద్దని చెప్పి, మర్నాడే మిషన్ మోసుకెళ్ళాను.

"నా బాయి, నా చెయ్యే ముందుండల్ల" అని బావ నాతోపాటు బావిలోకి దిగి కర్ర పట్టుకున్నాడు. చెవులకు గొట్టాలు పెట్టుకుని వింటున్నది నేను. ఎక్కడ పెట్టినా కూత మారిపోతోందని చెప్పాను.

"ఏం బామ్మర్దీ, బాయంతా తూటాలే మొలిచినాయా? నీ మిషన్‌కు పిచ్చి పట్టిండాది!"

నాకు ఒళ్ళు మండింది. "మిషన్‌కు కాదు బావా. నీ నడుముకు వెండి మొలతాడుండాది. అది తీయి."

ఒడ్డు మీద అక్క గుండె బాదుకుంది. "నీ నోట్లో మన్ను పడ! మొలతాడు తెంపేది పాడె మీదుండేవానికిరా!"

బావ కూడా తీయనన్నాడు. మా వైపు మగవాడి నడుము ఒక్క క్షణం బోసిగా ఉండకూడదు. కొత్తది కట్టాకే పాతది తీస్తారు.

"అయితే కొత్తది కట్టుకోనీ. ఏదో ఒక దారం వేయక్కా!" అని అరిచాను.

అక్క ఏడుస్తూనే చీర అంచు చింపి కిందికి విసిరింది. బావ అది కట్టుకుని, వెండిది తీసి పైకి పంపాడు. కూత నిలకడకొచ్చింది.

ఒక పొర వెతకడం, చేత్తో రాళ్ళు ఏరడం, మళ్ళీ వెతకడం. మధ్యాహ్నానికి తూర్పు మూలన కూత చివ్వున లేచింది. బావను పక్కకు నెట్టి వేళ్ళతో మట్టి తీశాను. సగం కాలిన వత్తి, దాని కింద తూటా!

"చూసినావా నా మిషన్!" అన్నాను.

బావ చూపు పక్క రాతి మీద ఉంది. తూటాకు బెత్తెడు దూరంలో రాతి మీద తెల్లగా గడ్డపార దెబ్బలు, కొత్తవి.

"నిన్న దిగినాప్పా. రాళ్ళ సందులోంచి ఈడనే పొడిచినా. రాయి కదల్లేదని ఇడిసిపెట్టినా."

పెద్దవాడైపోయాడు గానీ, లేకుంటే చెంప పగలగొట్టేవాణ్ణి.

"దొరికిందా?" పైనుంచి అక్క గొంతు.

బావ నా చేయి పట్టుకున్నాడు. "దానికి చెప్పొద్దప్పా. దిగనని బిడ్డ మీద ఒట్టేసినా."

"దొరికిందక్కా," అని అరిచాను. "ఇద్దరం బాగుండాం."