దూడ పలుపు

నా చిన్నప్పుడు ఒక యేడు మా ఊరికి కాలువ నీళ్ళు అందలేదు. చిట్టమూరు అవతల, కాలువకు చిట్టచివర ఉండేది మా ఊరు. పై ఊళ్ళవాళ్ళు తడుపుకున్నాక మిగిలితేనే మాకు. ఆ యేడు మిగల్లేదు. వరి పొట్టదశలోనే ఎండిపోయింది. అయినా నీటి పన్ను కట్టమన్నారు. మా పెద్దవాళ్ళు అర్జీలు పెట్టారు, కచేరీల చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి ఒక మాట అనుకున్నారు. పన్ను కట్టకూడదు, వసూలుకు వచ్చినవాళ్ళకు చేతిసాయం కూడా చెయ్యకూడదు. జెండాలూ ఊరేగింపులూ ఏమీ లేవు.

మొదటి జప్తు మా ఇంటికే వచ్చింది. ఇంట్లో ఉండేది మా అవ్వా నేనూ. వసూలు అధికారీ, ఆయన బంట్రోతూ పాలిచ్చే బర్రెను విప్పుకుపోయి మా ఇంటి ఎదురుగా ఉన్న చావిడి ముందు కట్టేశారు. దూడ పేరు కాగితంలో లేదని వదిలేశారు. వేలం మొదలుపెడితే ఊరంతా వచ్చి నిలబడింది గాని ఒక్కరూ ధర చెప్పలేదు. ఊరి మునసబు సర్కారు మనిషి గనక అక్కడే తలవంచుకుని నిలబడ్డాడు. ఆలోగా బంట్రోతు చెంబు తీసుకుని పాలు పితకబోయాడు. దూడ లేనిదే మా బర్రె చేపదు, పొదుగులోకి పాలు వదలదు. ఒక్క తన్ను తన్నింది.

"ఏం సామీ, సర్కారు బర్రె సర్కారుకే పాలియ్యదా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక లాభం లేదని, నాయుడుపేట సంతకు తోలుకుపోయి అమ్ముకుందామనుకున్నారు. ఎంత లాగినా బర్రె అడుగు వెయ్యలేదు. మా దొడ్డివైపు తల తిప్పి అరుస్తూ ఉంది. మా అవ్వ దూడ పలుపు చేతికి చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"దూడను పట్టుకు రామ్మా" అన్నాడు అధికారి.

"నేను తేనయ్యా."

"అదీ మాట చిన్నమ్మా! వదలబాక. ఇంకాసేపు చూసి వాళ్ళే పోతారు" అన్నాడు పక్కింటి పెదనాయన.

అప్పుడు బంట్రోతు కర్ర తీశాడు. మొదటి దెబ్బలు బర్రె వీపు మీద, తర్వాత మోకాళ్ళ మీద. బర్రె ముందుకాళ్ళ మీద కూలబడింది. నిండిన పొదుగులోంచి పాలు మట్టిలో కారుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. నేను అవ్వ కొంగు పట్టుకుని ఏడుస్తున్నాను. అవ్వ వంగి, దూడ మెడలోంచి పలుపు తీసేసింది.

దూడ పరుగెత్తుకుపోయి కడుపునిండా తాగింది. ఆ తర్వాత తల్లీ బిడ్డా నాయుడుపేట దారి పట్టాయి.

"ఎంత పని చేసినావు చిన్నమ్మా! వాళ్ళకు సాయం చేసినట్టే గదా" అన్నాడు పెదనాయన.

"వాళ్ళకు చెయ్యనన్నాను. దూడకు చెయ్యనన్నానా?" అని అవ్వ అరుగు మీద కూర్చుంది. పలుపు చుట్టచుడుతూ, "పన్ను మాత్రం కట్టేది లేదులే. ఇంకా ఏముంటే అది తీసకపొమ్మను" అంది. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. మర్నాడు పెదనాయన ఇంటి నుంచి నాకు చెంబెడు పాలు వచ్చాయి.

ఆ తర్వాత మరికొన్ని ఇళ్ళు జప్తు చేశారు. ఏ వేలంలోనూ మా ఊరివాళ్ళు ధర చెప్పలేదు. మరుసటేడు ఆ పన్ను రద్దయింది. ఎందుకు రద్దు చేశారో మాకెవరూ చెప్పలేదు. బర్రె తిరిగి రాలేదు. అవ్వ పోయేదాకా ఆ పలుపు దొడ్లో కొయ్యకే వేలాడుతూ ఉండేది.

కాదనవలసిన చోట నేనూ కాదన్నాను, ఇంకా అంటున్నాను. కాకపోతే అనే ముందు, దెబ్బ ఎవరి మీద పడబోతుందో ఒకసారి చూసుకుంటాను. చూసుకున్నంత మాత్రాన ఏదీ తేలికవదు.