లాభం, రెండు, మూడు

ఎడారిలో జరిగే ఆ కళల పండగకి నన్ను పిలిచింది ‘ట్రాపికల్ ఎలక్ట్రానిక్’ సంగీతం వాయించమని. పోస్టరు మీద నా ఫొటో పక్కన కొబ్బరిచెట్టు బొమ్మ వేశారు. కోనసీమ డీజే కదా, అలల హోరూ పిట్టల కూతలూ పట్టుకొస్తుందని వాళ్ల ఊహ. నేను మా అమ్మ గొంతు పట్టుకెళ్లాను.

అమ్మ ముక్తేశ్వరంలో కొబ్బరి దింపు అయిన తోటల్లో కాయలు లెక్కపెట్టే పనికి వెళుతుంది. చేతికొక కాయ తీసి, జతకొక అంకె చొప్పున రాశిలోకి విసురుతూ పాటలా లెక్కపెడుతుంది. మొదటి జతకి ఒకటి అనదు, లాభం అంటుంది. లాభం, రెండు, మూడు... కాయకి కాయ తగిలిన చప్పుడే తాళం. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది, మళ్లీ లాభం నుంచి ఎత్తుకోవాలి. అందుకని ఆ కాసేపూ అమ్మ జోలికి ఎవరూ పోరు.

చర్చిలో మాత్రం ఆ గొంతు ఎవరికీ అక్కర్లేకపోయింది. మోటుగా ఉందని క్వయర్‌లో చివరి వరసలో నిలబెట్టి, “మీరు పెదాలాడించండి చాలండి” అన్నారు. ఏళ్ల తరబడి అమ్మ అలాగే ఆడించింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రికార్డు చేస్తానన్నప్పుడు కూడా, “నా గొంతెందుకే, నవ్వుతారు” అంది.

“నవ్వితే అక్కడే పాట కట్టేసి వచ్చేస్తానమ్మా.”

“ఆయ్, అలాగే కానీ” అంది, నమ్మకుండానే.

వాయించే ముందు పరీక్షగా వినిపిస్తే, దరువు బాగుంది, ఆ మాటలు తీసేయమన్నాడు పండగ నిర్వాహకుడు. ఎవరికీ అర్థం కావట. ఆ గొంతు లేకపోతే నేనూ లేనన్నాను. నా మొహం చూసి, మీ ఇష్టం అని చేతులు దులుపుకున్నాడు.

ఎండ దిగుతుండగా మొదలుపెట్టాను. కింద దరువు, దాని మీద కాయల చప్పుడు, ఆపైన అమ్మ. జనం తలలూపడం మొదలెట్టారో లేదో ఇసుకగాలి లేచి కరెంటు పోయింది. కొందరు లేచి వెళ్లిపోయారు. జనరేటర్ అందుకోగానే నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చి, ఆగిన చోటి నుంచే ఎత్తుకోండి, మాటలు మాత్రం వద్దు అన్నాడు.

కుదరదన్నాను. చెడిన లెక్క మొదటి నుంచే మొదలవ్వాలి. దరువు కూడా ఆపేసి, ఒట్టి అమ్మ గొంతు వదిలాను. లాభం.

అదొక్క మాటే మళ్లీ మళ్లీ తిప్పాను. ముందు వరసలో ఎవరో అందుకున్నారు. కాసేపటికి ఆ మైదానమంతా లాభం, లాభం అని అరుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. చేతులు మాత్రం ఆపలేదు. లెక్క పూర్తిచేసే దిగాను.

ఇంటికొచ్చి వీడియో పెట్టాను. అమ్మ ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా వింది.

“ఆళ్లలో ఒక్కరికీ శ్రుతి లేదే. మన క్వయర్‌లో అయితే అందర్నీ పెదాలే ఆడించమనేవోరు” అని కళ్లు తుడుచుకుంది. “ఏదీ, మళ్లీ లాభం దగ్గర్నించి పెట్టు.”